అర్థమైందంటే తలూపుతారు, నెల తిరిగేసరికి మరిచిపోతారు

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం చెబుతున్నాను. ఎనిమిదో తరగతిలో 42 మంది. శాతాలు, లాభనష్టాలు, వడ్డీ లెక్కలు చెప్పినరోజు అడిగితే క్లాసంతా గట్టిగా చెప్పారు. హోంవర్కూ బాగానే చేశారు. నెల తర్వాత స్లిప్ టెస్టులో అవే లెక్కలు ఇస్తే సగం మందికి పైగా ఏ పద్ధతి వాడాలో కూడా తోచలేదు. ‘సార్, ఇది మీరు చెప్పలేదు’ అన్నవాళ్లూ ఉన్నారు. మళ్లీ మొదటినుంచి చెబుతూ కూర్చుంటే సిలబస్ అవదు. ఎనిమిది, తొమ్మిది మందికైతే భాగహారమే రాదు. ఈమధ్య ఒక ట్రైనింగులో, చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని పిల్లల్ని విడదీసి చెప్పమన్నారు. అదైనా చేయమంటారా? నా చేతిలో ఉన్నది రోజుకు ఒక 45 నిమిషాల పీరియడ్.
– ఒక గణితోపాధ్యాయుడు

జవాబు:

మాస్టారూ,

మీ చివరి ప్రశ్న చిన్నది, ముందు దాన్ని తేల్చేద్దాం. అలా విడదీయకండి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి ఈ వాదం మీద వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. ‘చూసే’ పిల్లలకు బొమ్మతో, ‘వినే’ పిల్లలకు మాటతో చెబితే ఎవరిది వాళ్లకు బాగా ఎక్కుతుందని చెప్పడానికి తగిన ఆధారం వాళ్లకు దొరకలేదు. వృత్త వైశాల్యం చెప్పాలంటే పిల్లలందరికీ బొమ్మ కావాలి, పద్యం చెప్పాలంటే అందరికీ వినిపించాలి. ఏది వాడాలన్నది పాఠాన్ని బట్టి. ఈ వాదం ఇంకా ట్రైనింగుల్లో తిరుగుతోందంటే, వినడానికి ఇంపుగా ఉంటుంది కనుక.

ఇక అసలు సంగతి. చెప్పినరోజు క్లాసంతా చెప్పగలగడంలో పెద్ద వింత లేదు. సూత్రం ఇంకా బోర్డు మీదే ఉంటుంది, ముందరి లెక్కను చూసి రెండో లెక్క చేస్తారు, హోంవర్కు పది లెక్కలూ ఒకే రకం. దాన్ని బట్టి ‘వచ్చేసింది’ అని మీరూ అనుకుంటారు, పిల్లలూ అనుకుంటారు. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ భ్రమను సూటిగా చూపించింది. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక విడత చదివి, తర్వాత మూడు విడతలు కాగితం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లు 83%, రాసినవాళ్లు 71% గుర్తుతెచ్చుకున్నారు. వారం తర్వాత పెడితే చదివినవాళ్లు 40%, రాసినవాళ్లు 61%. తమాషా ఏమిటంటే, వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగినప్పుడు, ఎక్కువసార్లు చదివినవాళ్లకే ధీమా ఎక్కువగా ఉంది.

అందుకని మీరు మళ్లీ చెప్పడం కన్నా పిల్లల చేత బయటికి తీయించడం మేలు. దానికి రోజూ పీరియడ్ మొదట్లో పది నిమిషాలు పెట్టండి. ఎలా చేయాలో వివరంగా చెబుతాం, ఎందుకంటే ఇది చెడేది ఎప్పుడూ వివరాల దగ్గరే.

మీరు క్లాసులోకి అడుగుపెట్టగానే బోర్డు మీద అయిదు చిన్న ప్రశ్నలు రాయండి. రెండు నిన్నటివి, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది, ఒకటి కింది తరగతిది. ఉదాహరణకు ఒకరోజు ఇలా ఉండవచ్చు: ముద్రిత వెల రూ. 800, రాయితీ 10%, ఎంత కట్టాలి? కొన్నవెల రూ. 400, అమ్మినవెల రూ. 460, లాభశాతం ఎంత? 3/8ని శాతంగా రాయండి. 3x − 5 = 16 అయితే x ఎంత? 12.6ను 0.3తో భాగించండి. ఒక్కోదానికి నిమిషానికి మించి పట్టకూడదు. పుస్తకాలు, నోట్సులు మూసి ఉండాలి. రఫ్ నోట్సు వెనక పేజీలో రాస్తారు, అయిదు నిమిషాలు, నోరెత్తకుండా. మీరు ఆ సమయంలో హాజరు వేసుకోవచ్చు.

తర్వాత జవాబులు చెప్పేయండి. పిల్లలు వేరే రంగు పెన్నుతో తమది తామే దిద్దుకుంటారు. తప్పు జవాబును కొట్టేయకుండా పక్కన సరైనది రాయమనండి. ఈ దిద్దుబాటు మానేస్తే సగం ప్రయోజనం పోతుంది, రానివాడికి రానట్టే ఉంటుంది, తప్పు రాసినవాడు అదే ఒప్పనుకుంటాడు. ఇక ప్రతి ప్రశ్నకూ ‘రైట్ అయినవాళ్లు చేతులెత్తండి’ అని లెక్కపెట్టి మీ డైరీలో ఒక అంకె వేసుకోండి. 42 మందిలో 28కి తగ్గిన ప్రశ్న ఏదైనా ఉంటే దాన్ని మాత్రం అక్కడే రెండు నిమిషాలు వివరించి, రెండు మూడు రోజుల్లో అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి. రెండు ప్రశ్నలు అలా ఉంటే ఒకటి ఈరోజు, ఒకటి రేపు. అన్నీ వివరించబోతే పది నిమిషాలు పాతిక అవుతుంది. చాలామంది వారం తిరక్కుండానే దీన్ని వదిలేసేది అందుకే.

మార్కులు వేయకండి. పుస్తకాలు పోగు చేయకండి. మార్కు ఉందంటే పక్కవాడిది చూసి రాస్తారు, అప్పుడు మీ డైరీలో అంకెలన్నీ అబద్ధాలే. ఇంకో కారణం కూడా ఉంది. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో అయిదు, ఆరు తరగతుల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వాళ్లు చేసినపని మీద వ్యాఖ్య మాత్రమే రాసి ఇచ్చారు, కొందరికి మార్కు మాత్రమే, కొందరికి రెండూ. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇచ్చినవాళ్ల పరిస్థితి మార్కు ఒక్కటే ఇచ్చినవాళ్లకన్నా మెరుగ్గా లేదు. మార్కు కనబడగానే పిల్లవాడి చూపు దాని మీదే ఆగిపోతుందన్నమాట. ఏడాది పొడవునా చిన్నచిన్నగా జరిగే అంచనా అయిన ఫార్మేటివ్‌కు కావలసిన మార్కులు స్లిప్ టెస్టులో ఎలాగూ వేస్తారు, ఈ పది నిమిషాలను దానికి దూరంగా ఉంచండి.

ప్రశ్నలు మరీ కష్టంగా ఇవ్వడం ఇంకో పొరపాటు. ఏమీ గుర్తురాకపోతే గుర్తుతెచ్చుకునే సాధన జరగదు, తెల్లకాగితం ముందు కూర్చోవడమే మిగులుతుంది. మామూలు పిల్లవాడికి అయిదింటిలో మూడైనా వచ్చేలా చూసుకోండి. మొదటి వారం రెండే వస్తే కంగారుపడకండి, ప్రశ్నలు తేలిక చేయండి.

ఏ ప్రశ్న ఎప్పుడు తిరిగి రావాలన్న దానికి కూడా కొంత ఆధారం ఉంది. నికొలస్ సెపెడా, ఆయన సహచరులు 2008లో 1,350 మందికి పైగా మనుషులకు కొన్ని విషయాలు నేర్పించి, రకరకాల ఎడంతో మళ్లీ చదివించి, రకరకాల వ్యవధి తర్వాత పరీక్షించారు. పరీక్ష 35 రోజుల దూరంలో ఉంటే 11 రోజుల ఎడం బాగా పనిచేసింది. 350 రోజుల దూరంలో ఉంటే 21 రోజుల ఎడం. ఆ అంకెల్ని అచ్చంగా పట్టుకోనక్కర్లేదు, వాళ్లు వాడినవి లెక్కలు కావు, విడివిడి విషయాలు. ధోరణి మాత్రం తీసుకోండి: పరీక్ష ఎంత దూరమో ఎడం అంత పెంచాలి. మీకు సరిపడే లెక్క – మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, మూడు నాలుగు వారాలకు ఒకసారి, ఆపైన రెండు నెలలకు ఒకసారి. టర్మ్ చివరి పెద్ద పరీక్ష సమ్మేటివ్‌కు ముందు మూడు రోజులు కూర్చోబెట్టి రివిజన్ చేయించడం కన్నా ఈ నాలుగు చిన్న మెతుకులు ఎక్కువ నిలుస్తాయి.

దీనికి ఒక వంద పేజీల నోటు బుక్కు చాలు. ఒక్కో యూనిట్‌కు ఒక పేజీ, పేజీకి పది పన్నెండు చిన్న ప్రశ్నలు, పక్కన తేదీ గడులు. వాడినప్పుడల్లా తేదీ, వచ్చినవాళ్ల సంఖ్య రాయండి. ఆదివారం అరగంట కూర్చుంటే వారానికి సరిపడా 25 ప్రశ్నలు తయారవుతాయి. మీ స్కూల్లోనే ఇంకో సెక్షన్‌కు గణితం చెప్పేవారుంటే పంచుకోండి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో దొరికే వేళను దీనికి వాడితే ఇంకా మంచిది.

ఇప్పుడు మీ ఉత్తరంలో బాగా కుదిపిన మాట దగ్గరికి వద్దాం: ‘ఏ పద్ధతి వాడాలో తోచలేదు.’ ఇది మరుపు ఒక్కటే కాదు. పాఠ్యపుస్తకంలో అభ్యాసం పైన ‘బారువడ్డీ’ అని రాసి ఉంటే, కింద ఉన్న లెక్క చదవకుండానే ఏం చేయాలో తెలిసిపోతుంది. పిల్లలు అంకెలు ఏరుకుని సూత్రంలో పడేస్తారు. స్లిప్ టెస్టులో ఆ శీర్షిక ఉండదు. పద్ధతిని ఎంచుకునే పని వాళ్లు అప్పటిదాకా ఒక్కసారీ చేసి ఉండరు.

ఒకే అంకెలతో ఈ నాలుగు లెక్కలు ఇచ్చి చూడండి. రూ. 1,200 ముద్రిత వెల ఉన్న చొక్కాపై 15% రాయితీ, ఎంత కట్టాలి? రూ. 1,200కు కొన్న వస్తువును 15% లాభానికి అమ్మితే ఎంత వస్తుంది? రూ. 1,200 మీద ఏడాదికి 15% బారువడ్డీ, రెండేళ్లకు వడ్డీ ఎంత? ఒక వస్తువును రూ. 1,380కి అమ్మితే 15% లాభం వచ్చింది, కొన్నవెల ఎంత? జవాబులు 1,020, 1,380, 360, 1,200. చివరిదాని దగ్గర మీకు చాలా కాగితాల్లో 1,173 కనబడుతుంది. అది 1,380లో 15%, అంటే 207, తీసేస్తే వచ్చింది. రాయితీ లెక్కలు వరసగా చేసీచేసీ ‘శాతం కట్టు, తీసెయ్’ అన్నది చేతికి అలవాటైపోయింది. లాభశాతం కొన్నవెల మీద కడతారన్న సంగతి వాడికి తెలియక కాదు, అడిగితే చెబుతాడు. లెక్క చూడగానే అది గుర్తుకు రాదు, అంతే. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘ఈ 15% దేంట్లో?’ లెక్క మొదలెట్టే ముందు దీని జవాబు ఒక ముక్కలో రాయమనండి, కొన్నవెలలో, ముద్రిత వెలలో, అసలులో అని. ఒకరోజు లెక్క చేయించకుండా ఎనిమిది లెక్కలకు ఈ ఒక్క ముక్కే రాయించినా మంచి సాధనే.

రకాలు కలిపి ఇవ్వడం మీద డగ్ రోరర్ చాలా పని చేశారు. 2007లో ఆయన, కెల్లీ టేలర్ కలిసి కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం నేర్పారు. రకం తర్వాత రకం చేసినవాళ్లు సాధనలో 89% సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60%. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లు 20%, రెండోవాళ్లు 63%. అది కాలేజీ పిల్లల మాట, ప్రయోగశాల మాట అనవచ్చు మీరు. న్యాయమే. ఆయన బృందమే ఫ్లోరిడాలో 54 ఏడో తరగతి సెక్షన్లలో నెలల తరబడి నడిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, సాధన ముగిసిన నెల తర్వాత ముందు చెప్పకుండా పెట్టిన పరీక్షలో కలిపి చేసిన సెక్షన్లకు 61%, విడిగా చేసినవాటికి 38% వచ్చాయి. అక్కడి బడి మన బడి కాదు గానీ, ఈ తేడా అంత సులువుగా పక్కన పెట్టేది కాదు.

అయితే కొత్త పాఠం చెప్పినరోజే కలపకండి. పద్ధతే ఇంకా చేతికి రానివాడికి నాలుగు పద్ధతులు ఒకేసారి చూపిస్తే తల తిరుగుతుంది. ఆరోజు ఒకే రకం, అదీ జంటలుగా: ఒకటి మీరు ప్రతి మెట్టూ చూపిస్తూ పూర్తిగా చేసిన లెక్క, దాని పక్కనే పిల్లలు చేయాల్సిన అలాంటి లెక్క. ఆస్ట్రేలియాలో స్వెల్లర్, కూపర్ 1985లోనే బీజగణితంతో చూపించారు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఊరికే లెక్క తర్వాత లెక్క ఇచ్చేకన్నా చేసి చూపిన లెక్కలు మధ్యలో పెడితే తక్కువ సమయంలో వస్తుందని. ఇలా మూడు జంటలు చాలు. మర్నాటి నుంచి హోంవర్కులో ఎనిమిది లెక్కలుంటే మూడు కొత్తవి, అయిదు పాతవి, వరస కలిపేసి. అభ్యాసంలో మిగిలిపోయిన కొత్త లెక్కలను తర్వాతి వారాలకు పంచండి. కొత్తగా లెక్కలు తయారుచేయనక్కర్లేదు, పుస్తకంలోవే, వరస మార్చడమే. ఇలా చేస్తే హోంవర్కులో తప్పులు ఇదివరకటి కన్నా ఎక్కువ వస్తాయి, అది తెలిసే మొదలెట్టండి. ఇంట్లోవాళ్లు ‘ముందు బాగా చేసేవాడు’ అంటే వాళ్లకూ ఇదే చెప్పాలి.

క్లాసంతా ఒకేసారి చెప్పడం గురించి. ముందు బెంచీలోని అయిదారుగురు మొదలెడతారు, మిగతావాళ్లు చివరి అక్షరం అందుకుంటారు. మీ చెవికి నలభై గొంతులు వినిపిస్తాయి. 1970లలో మేరీ బడ్ రో అమెరికా బడుల్లో పాఠాలు రికార్డు చేసి వింటే, ప్రశ్న వేశాక టీచరు ఆగేది సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడుగయ్యాయి, తెలియదనేవాళ్లు, నోరు మెదపనివాళ్లు తగ్గారు. ముందు ప్రశ్న వేయండి, మనసులో మూడు లెక్కపెట్టండి, ఆ తర్వాతే పేరు పిలవండి. పేరు ముందు పిలిస్తే మిగిలిన 41 మందీ ఆలోచించడం మానేస్తారు. పేర్లను రోల్ నెంబర్ల చీటీలు తీసి పిలిస్తే ఎవరినీ కావాలని నిలబెట్టినట్టు ఉండదు. తెలియదన్నవాణ్ని అలాగే నిలబెట్టకండి, ఇంకొకరు చెప్పాక వాడితో ఒకసారి చెప్పించి కూర్చోబెట్టండి.

‘అర్థమైందా?’ బదులు నాలుగు ఆప్షన్ల ప్రశ్న ఒకటి బోర్డు మీద రాయండి. ఒకటి రెండు మూడు నాలుగు వేళ్లు, గుండెకు ఆనించి, మీకు మాత్రమే కనబడేలా, మీరు చెప్పిన క్షణానే చూపించాలి. తప్పు ఆప్షన్లు ఊరికే అంకెలు కాకూడదు, ఒక్కోటి ఒక్కో తెలిసిన తప్పులోంచి రావాలి. పైన చెప్పిన లెక్కకు 1,200తో పాటు 1,173 పెట్టండి, 1,380కి 15% కలిపితే వచ్చే 1,587 పెట్టండి, ఊరికే 15 తీసేసిన 1,365 పెట్టండి. ఎన్ని వేళ్లు లేచాయో చూస్తే ఎవరు ఎక్కడ తప్పారో పది సెకన్లలో తెలుస్తుంది. 1,173 వాళ్లు పదిహేను మంది ఉంటే ఇంకా ముందుకెళ్లకూడదు.

భాగహారం రాని ఎనిమిది తొమ్మిది మంది సంగతి వేరు. వాళ్లకు ఈ పది నిమిషాలు సరిపోవు, సరిపోతాయని మేం చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. వాళ్లెవరో తెలుసుకుంటే పని అయిపోతుందనీ అనుకోవద్దు. మన ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే, రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగం ఒకటుంది. ప్రాథమిక పాఠశాలల టీచర్లకు తమ పిల్లల్లో ఎవరు ఏ అంశంలో వెనకబడ్డారో వివరంగా నివేదికలు ఇచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు మిగతావాళ్లకన్నా చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కులు చూస్తే మాత్రం నివేదికలు ఇవ్వని బడులతో తేడా లేదు.

తేడా తెచ్చింది వేరే. విద్యారంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ ముంబై, వడోదరాలలో నడిపిన బాలసఖి కార్యక్రమంలో, వెనకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, తరగతి పాఠం వదిలేసి, వాళ్లకు రాని ప్రాథమిక అంశాలే నేర్పారు. నేర్పింది టీచర్లు కారు, ఆ చుట్టుపక్కల ఉండే చదువుకున్న అమ్మాయిలు. బెనర్జీ, డఫ్లో తదితరులు 2007లో ప్రచురించిన ఫలితాల్లో మార్కులు స్పష్టంగా పెరిగాయి, రెండో ఏడు ఇంకా ఎక్కువ.

మీకు రోజుకు రెండు గంటలు దొరకవు. బడి మొదలవక ముందో, సాయంత్రమో, వారానికి మూడు రోజులు అరగంట సంపాదించగలరేమో హెడ్మాస్టారుతో మాట్లాడండి. ఆ తొమ్మిది మందికి ఒకే పాఠం కాదు. రెండంకెల తీసివేత రానివాళ్లెవరు, ఎక్కాలు రానివాళ్లెవరు, ఒక అంకెతో భాగించగలిగి రెండంకెల దగ్గర ఆగిపోయేదెవరు – ఒక్కొక్కరిని అయిదు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి నోటితో చెబుతూ చేయమంటే తెలుస్తుంది. కాగితం చూస్తే తెలియదు. చాలామందిలో భాగహారం రాకపోవడానికి కారణం భాగహారం కాదు, దాని లోపల ఉన్న గుణకారం లేదా అప్పు తెచ్చుకునే తీసివేత. అక్కడినుంచి మొదలెట్టండి. పీరియడ్ మొదట్లో ఇచ్చే అయిదు ప్రశ్నల్లో కింది తరగతి ప్రశ్న వీళ్లను దృష్టిలో పెట్టుకుని ఇస్తే, క్లాసులో వాళ్లకూ ఒకటి రైట్ పడుతుంది.

సిలబస్ గురించి. వారానికి అయిదు పీరియడ్లయితే పది నిమిషాల చొప్పున 50 నిమిషాలు, అంటే ఒక పీరియడ్‌కు పైన పోతుంది. దాన్ని ఎక్కడినుంచి తేవాలో చెప్పకుండా సలహా ఇవ్వడం అన్యాయం. బోర్డు మీది లెక్కలు నోట్సులోకి ఎక్కించే సమయం తగ్గించండి, పుస్తకంలో ఉన్న ఉదాహరణను మళ్లీ రాయించకండి. అభ్యాసంలోని ఒకే రకం పది లెక్కల్లో ఆరోజు నాలుగే చేయించండి. సమ్మేటివ్ ముందు రివిజన్‌కు పెట్టుకున్న రోజులు తగ్గించండి. అయినా మొదటి రెండు నెలలు ఒకటి రెండు పాఠాలు వెనకబడతారు, అది ముందే హెడ్మాస్టారుకు చెప్పి ఉంచడం మంచిది.

పిల్లలకు ఇంటి దగ్గర ఎలా చదవాలో కూడా ఒకరోజు క్లాసులో చేసి చూపించండి. గీతలు గీసుకుంటూ మళ్లీ మళ్లీ చదవడం వాళ్లకు తెలిసిన ఒకే పద్ధతి. 2013లో జాన్ డన్లాస్కీ బృందం పది చదువు పద్ధతుల్ని బేరీజు వేసి, గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం రెండింటినీ తక్కువ ఫలమిచ్చేవాటిలో పెట్టింది. ఎక్కువ ఫలమిచ్చేవిగా తేల్చింది రెంటినే, తనను తాను పరీక్షించుకోవడం, ఎడమెడంగా చదవడం. లెక్కల్లో దాని అర్థం, చేసేసిన లెక్క మీద కాగితం అడ్డం పెట్టి మళ్లీ చేయడం, తర్వాత అడ్డు తీసి పోల్చుకోవడం. గైడు ఉన్న పిల్లలకు ఇది మరీ ముఖ్యం, గైడు తెరిచి చూస్తే ప్రతి లెక్కా వచ్చినట్టే ఉంటుంది.

అన్నీ ఒకేసారి ఎత్తుకోకండి. మొదటి రెండు వారాలు అయిదు కాదు, మూడు ప్రశ్నలే, ఏడు నిమిషాల్లో ముగించండి, పిల్లలకు పద్ధతి అలవాటు కావాలి. మూడో వారం నుంచి అయిదు. హోంవర్కు కలపడం ఆ తర్వాత యూనిట్‌తో మొదలెట్టండి. ఫలితం కనబడిందో లేదో చూడాలంటే, ఈ యూనిట్‌లోంచి ఆరు లెక్కలు ఇప్పుడే రాసి కవర్లో పెట్టుకోండి. యూనిట్ ముగిసిన అయిదు వారాలకు, ముందు చెప్పకుండా, 20 నిమిషాల్లో రాయించండి. పోయిన యూనిట్‌కు మీ స్లిప్ టెస్టులో సగానికి పైగా తప్పారన్నారు, పోల్చడానికి ఆ అంకె మీ దగ్గర ఉంది.